రెండో తాళం చెవి

ఇన్సూరెన్సు కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు బిలాస్‌పూర్ పక్కన తిఫ్రాలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. పెద్ద పెద్ద క్లెయిముల గురించి చెప్పమంటారు. తగలబడిన రైస్ మిల్లులు, బోల్తా పడిన బొగ్గు లారీలు, వాన నీళ్లలో మునిగిన గోడౌన్లు, అలాంటివి వాళ్లకి కావాలి. అవన్నీ నేనూ చూశాను. ఫైళ్లు మూసేశాక వాటి గురించి మళ్లీ ఆలోచించిన పాపాన పోలేదు. ఇప్పటికీ నాకు గుర్తున్నది ఒక చిన్న తెల్ల కారు, దాని రెండో తాళం చెవి. ఆ మాట చెప్పగానే పిల్లలు ముఖాలు చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకోనివ్వండి. మా ఇంట్లో టీ తాగినవాళ్లు నేను చెప్పింది వినాల్సిందే.

ముందు నా సంగతి రెండు ముక్కలు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికని బిలాస్‌పూర్ వచ్చాడు. నాన్న షెడ్డులో ఫిట్టరు. అన్నలిద్దరూ రైల్వేలోనే చేరారు. నేనొక్కణ్ణే ఎవరి మాటా వినకుండా పరీక్ష రాసి ఇన్సూరెన్సు కంపెనీలో పడ్డాను. రైల్వే కాలనీలో పుట్టి రైల్వేలో చేరనివాణ్ణి చూసి అప్పట్లో జనం జాలిపడేవారు. "రైలు పాసు నేని ఉద్యోగం ఏటి ఉద్యోగంరా" అని నాన్న చాలాకాలం నాతో సరిగ్గా మాట్లాడలేదు. తరవాత కాలనీలో స్కూటర్లు పోయి కార్లొచ్చాయి. కార్లొచ్చాక గుద్దుకోవడాలూ వచ్చాయి. అప్పుడు అందరికీ నేను గుర్తొచ్చాను. బ్రాంచిలో మోటారు క్లెయిములు చూసేది మన తెలుగాయనే కదా అని నవ్వుకుంటూ వచ్చేవారు. మనవాడు కదా అని నేను మరి కాస్త గట్టిగా పట్టి చూసేవాణ్ణి. వెళ్లేటప్పుడు ఆ నవ్వు ఉండేది కాదు.

ఈ కథలో మనిషి కూడా మా కాలనీవాడే. గూడ్సు రైళ్లు నడిపే లోకో పైలట్. నలభై దాటినవాడు, మొహమాటస్థుడు, ఎదురుపడితే తలూపి పక్కకి తప్పుకునే రకం. ఒకరోజు డ్యూటీకి వెళ్తూ తన కారు క్రూ లాబీ దగ్గర ఖాళీ జాగాలో పెట్టాడు. లాబీ అంటే డ్రైవర్లు ఇంజన్ ఎక్కేముందు హాజరు వేయించుకునే చోటు. గూడ్సు తీసుకుని వెళ్లి, మర్నాడు సాయంత్రం తిరిగొచ్చేసరికి కారు లేదు. కారు ఉండాల్సిన చోట ఎవరో మోటారు సైకిలు పెట్టుకున్నారు. కారు కొని ఇంకా ఏడాది కూడా తిరగలేదు.

అతను చెయ్యాల్సినవన్నీ చేశాడు. వెంటనే పోలీసు స్టేషనుకి వెళ్లాడు. పొద్దున్నే మా ఆఫీసుకొచ్చాడు. కాయితాలన్నీ వరసగా పెట్టుకుని తెచ్చాడు. అలాంటి మనిషి నా బల్ల మీద ఒక్కటే తాళం చెవి పెట్టాడు.

మీకు తెలియంది కాదు, అయినా చెబుతాను. కారు కొన్నప్పుడు షోరూమువాళ్లు రెండు తాళం చెవులిస్తారు. కారు దొంగతనం అయిందంటే ఆ రెండూ తెచ్చి కంపెనీకి అప్పజెప్పాలి. ఒకటే తెస్తే రెండోదేమైందని అడుగుతాం. కారులోనే వదిలేసి దొంగకి పని తేలిక చేశావా? లేక తాళంతో సహా కారు ఎవరికో ఇచ్చేసి, పోయిందని మా దగ్గరకొచ్చావా? అలాంటి ఘనులు కూడా ఉంటారు, అందుకే అడుగుతాం.

"రెండోది?" అన్నాను.

"పోనాది సార్" అన్నాడు, గోడ మీద కేలండరు వంక చూస్తూ.

నా కుర్చీలో కూర్చుని నేను బోలెడన్ని అబద్ధాలు విన్నాను. అబద్ధం ఆడేవాళ్లు మామూలుగా నా కళ్లలోకి సూటిగా చూసి ఆడతారు, మధ్యమధ్యలో పిల్లల మీద ఒట్టు కూడా వేస్తారు. కేలండరు చూస్తూ అబద్ధం ఆడినవాణ్ణి అప్పుడే చూశాను.

క్లెయిము విచారణకి రాయ్‌పూర్ నుంచి ఒక ఇన్వెస్టిగేటరు వచ్చేవాడు. ముప్పై నిండని యువకుడు. తెలివైనవాడు, ఆ సంగతి అతనికీ బాగా తెలుసు. అతను లోకో పైలట్‌ని హిందీలో రెండుసార్లు ప్రశ్నించాడు. తాళం చెవి ఎక్కడ పోయిందంటే మొదటిసారి బిల్హాలో చుట్టాల పెళ్లిలో అని చెప్పాడట. రెండోసారి బజార్లో, కూరల సంచిలోంచి జారిపోయిందన్నాడట. పోయిందని పోలీసులకి చెప్పలేదు, షోరూములో ఇంకోటి అడగనూ లేదు. ఇన్వెస్టిగేటరు ఉత్సాహంగా రిపోర్టు రాసి పడేశాడు. ఇతను మోసం చేస్తున్నాడు, క్లెయిము తిరస్కరించండి అని.

మోసం అనే మాట మీద క్లెయిము తిరస్కరించడమంటే ఆ కాయితం అక్కడితో ఆగదు. పోలీసుల దాకా వెళ్తుంది. రైల్వే ఉద్యోగి మీద పోలీసు కేసంటే ముందు ఇంజన్ మీంచి దింపేస్తారు, తరవాతే మాట్లాడతారు. కారు లేకపోయినా కారు వాయిదాలు కట్టాలి. అన్నింటినీ మించి, వాళ్ల నాన్న కూడా రైలు డ్రైవరుగా చేసి మచ్చ లేకుండా రిటైరైనవాడు. అదే కాలనీలో, అదే క్వార్టర్ల వరసలో, కారు అమ్ముకుని దొంగలెత్తుకుపోయారన్నాడట అని చెప్పుకోడానికి జనానికి ఒక్క సాయంత్రం చాలు.

మా బ్రాంచి మేనేజరు బిల్హా దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టిన ఛత్తీస్‌గఢీ మనిషి. గొంతు పెద్దది, మనసు మెత్తన. రిపోర్టు నా ముందుకి తోసి, "లెటర్ బనా దో భాయీ, క్లెయిము ఇవ్వమని. ఏం చేస్తాం, తన గొయ్యి తనే తవ్వుకున్నాడు" అన్నాడు.

"కారు అమ్ముకున్నవాడైతే ఇంతకంటే మంచి అబద్ధం తయారుచేసుకుని వచ్చేవాడు సార్" అన్నాను.

"అబద్ధం బాగోలేదు కాబట్టి క్లెయిము ఇచ్చెయ్యమంటావా?"

"ఒక్క పూట టైమివ్వండి."

ఇచ్చాడు. నేను లేచి రైల్వే కాలనీకి వెళ్లాను. అంతకుముందు క్లెయిము పని మీద నేను ఎవరింటికీ అలా వెళ్లలేదు. మనవాడని వెనకేసుకొస్తున్నాడంటారేమోనని నాకు చిరాకు. కానీ ఆ కేలండరు చూపు నన్ను ఊరుకోనివ్వలేదు.

ఆ వేళ అతనికి రెస్టు, ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చూసి ముఖం పాలిపోయింది. భార్య కుర్చీ వేసి టీ పెట్టడానికి వెళ్లింది. గోడ వార రేకు పెట్టె మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. అది పాతకాలం డ్రైవర్లు డ్యూటీకి మోయించుకెళ్లే లైను బాక్సు. మొగుడు రిటైరైపోయి, కాలం చేసి చాలా ఏళ్లయినా ఆవిడ దాన్ని వదల్లేదు.

"ఏవూరు బాబూ మీది?" అంది.

"మా తాతలది టెక్కలి దగ్గరమ్మా."

"అయితే మనోలే. సదురుకుని కూకో. బండి సంగతికే వచ్చినావేటి?"

"అవునమ్మా. మామూలుగా నాలుగు మాటలు అడుగుదామని."

"ఏటడుగుతావు, పోనాది. నాకు మొదట్నుంచీ ఆ బండంటే దడే బాబూ. మా ఆయన రైలు తోలినన్నాళ్లూ నాను నిమ్మళంగా తొంగున్నాను. పట్టాల మీద బండి పక్కకి పోదు గదా. రోడ్డు మీద బండికి పట్టాలేవి? ఎవుడిష్టం ఆడిది."

రైల్వే కాలనీలోనే పుట్టి పెరిగినా ఇంత చక్కని మాట నాకెవరూ చెప్పలేదు. నవ్వుకుంటూ టీ గ్లాసు అందుకుని తలెత్తాను. ఎదురుగా వంటింటి గోడకి దేవుడి అర. అమ్మవారి పటం. పటం పక్కన మేకుకి పసుపు గుడ్డ మూట ఒకటి వేలాడుతోంది.

ముడుపు మన ఇళ్లలో కొత్త కాదు. మొక్కుకుని, రూపాయి బిళ్ల పసుపు గుడ్డలో కట్టి దేవుడి దగ్గర పెడతారు. మొక్కు తీరేదాకా విప్పరు. నేను ఉద్యోగం పరీక్ష రాసినప్పుడు మా అమ్మా కట్టింది. బిళ్ల కట్టిన ముడుపు ఉసిరికాయంత గుండ్రంగా ఉంటుంది. ఇది అలా లేదు. పొడుగ్గా ఉంది. ఒక వైపు ఏదో గట్టి కొస గుడ్డని పొడుచుకుంటూ బయటికి తన్నుతోంది.

నాకు టీ పొలమారింది.

"అమ్మా, ఆ ముడుపు..." అనబోయాను. లోకో పైలట్ దిగ్గున లేచి, "సార్, బయట మాటాడుకుందాం" అన్నాడు.

బయట మెట్ల మీద కూర్చున్నాక ఒక్కొక్క ముక్కే చెప్పాడు. కారు ఇంటికి తెచ్చిన రోజున పూజ చేసి, రెండో తాళం చెవికి పసుపు కుంకుమ రాసి, బిళ్లతో కలిపి వాళ్లమ్మ ముడుపు కట్టేసింది. బండి ప్రాణం తాళంలోనే ఉంటుందని ఆవిడ నమ్మకం. ఏడాది చల్లగా తిరిగితే బండిని ఊళ్లో అమ్మవారి దగ్గరకి తీసుకెళ్లి, అక్కడ విప్పుతానని మొక్కుకుంది. ఈలోగా ఎవరూ ముట్టుకోకూడదు.

"మరి ఆ మాటే చెప్పొచ్చు కదయ్యా!"

"ఎలాగ సెప్పను సార్? మీ ఆఫీసులో అందరి ముందర రెండోదేదని అడిగినారు. మా అమ్మ దేవుడికి కట్టీసిందంటే నవ్వరేటి? పోనాదని నోట్లోంచి వచ్చీసింది. ఒకసారి అన్నాక ఇంక ఆ ఇన్వెస్టిగేటరికి ఏటి సెప్పాలో తెల్దు. ఏదొస్తే అది సెప్పీసినాను."

"అమ్మకి తెలుసా, తాళం లేక క్లెయిము ఆగిపోయిందని?"

"తెల్దు సార్. తెలిస్తే నలిగిపోద్ది. ముడుపు మధ్యలో విప్పితే నాకేటో అయిపోద్దని ఆవిడ భయం. నేను రోజూ ఇంజన్ ఎక్కేవోణ్ణి."

నాకు ఒళ్లు మండింది. నా గొంతు మా మేనేజరు గొంతుకి తీసిపోదు. "వేల టన్నుల బొగ్గు లాక్కొస్తావు, సిగ్నలు దగ్గర కన్ను ఆర్పకుండా కూర్చుంటావు, ఒక్క నిజం చెప్పలేకపోయావా? మోసగాడని రాసేశారయ్యా నిన్ను! రేపు ఇంజన్ దింపేస్తే అమ్మకి ఏం చెబుతావు?" అని అరిచేశాను.

అరిచాక చూస్తే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఓరే" అంది కొడుకుతో. "తాళం అమ్మోరి కాడ ఉన్నాదని సెప్పడానికి సిగ్గేసిందేటిరా నీకు?"

అతను మెట్టు మీంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మోరంటే సిగ్గా, నానంటే సిగ్గా?"

ఆవిడ గొంతు పెంచలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకెక్కడైనా దూరిపోవాలనిపించింది. ఆవిడే నా వైపు తిరిగి, "బాబూ, రేపు నీ ఆపీసుకి నానే అట్టుకొస్తాను. ఈలోపు ఎవులూ దాన్ని ముట్టొద్దు" అని లోపలికి వెళ్లిపోయింది. తెస్తానంది కానీ విప్పుతానని అనలేదు. ఆ మాట నేను దారిలో సగానికి వచ్చాక గమనించాను.

ఆఫీసుకొచ్చి మేనేజరుకి చెప్పాను. అంత పెద్ద గొంతువాడూ ఒక్కసారి నెమ్మదించాడు. "మన్నత్ ముడి, మొక్కుకుని కట్టిందన్నమాట. దాన్ని మనం విప్పకూడదు భాయీ" అన్నాడు. రాయ్‌పూర్‌కి ఫోను చేస్తే ఇన్వెస్టిగేటరు నవ్వలేదు, అంతకంటే చెడ్డ పని చేశాడు. ఆలోచించాడు. "సార్, రిపోర్టు ఇచ్చాక తాళం బయటపడింది. నిన్నో మొన్నో ఎవరి దగ్గరి నుంచో తెచ్చి గుడ్డలో కట్టలేదని నాకెలా తెలుస్తుంది? పసుపు గుడ్డ ఎవరైనా కట్టొచ్చు. రేపొచ్చి చూస్తాను" అన్నాడు. కోపం వచ్చింది కానీ అతనన్నదాంట్లో తప్పేం లేదు. నేను అతని వయసులో ఉంటే ఆ ప్రశ్నే అడిగేవాణ్ణి. ఆ సాయంత్రం ఇంట్లో నాకు అన్నం సహించలేదు. ముడుపు విప్పకపోతే క్లెయిము పోతుంది. విప్పాక అతనికి లైను మీద ఏదైనా జరిగితే, ఇన్సూరెన్సు ఆయన విప్పించాడని కాలనీ మొత్తం జీవితాంతం చెప్పుకుంటుంది. ఏది జరిగినా నేను బాగుపడేలా కనిపించలేదు.

మర్నాడు ఆవిడ కొడుకుతో ఆటోలో వచ్చింది. పెళ్లికి వెళ్తున్నట్టు పట్టుచీర కట్టుకుంది. మూటని రెండు చేతులా పట్టుకుని లోపలికొచ్చి, మేనేజరు బల్ల మీద కొత్త తువ్వాలు పరిపించి దాని మీద పెట్టింది. మా అటెండరు అప్పటికే చెప్పులు గుమ్మం బయట వదిలేశాడు. అకౌంట్సులో పనిచేసే మేడమ్ తల మీద కొంగు కప్పుకుని తలుపు దగ్గర నిలబడింది. మధ్యాహ్నం దాకా సీట్లో కనిపించని మనుషులు కూడా ఆ రోజు టైముకొచ్చి చుట్టూ చేరారు.

ఇన్వెస్టిగేటరు సంచి తెరిచి కత్తెర తీశాడు. ముడి పట్టుకుని కత్తిరించబోయాడు.

"ఏయ్, రుకో!" మేనేజరు అరుపుకి కత్తెర బల్ల మీద పడింది. "దేవీ మా ముడిని కత్తెరతో కోస్తావా? ఇంట్లో పెద్దవాళ్లు లేరా నీకు?"

"మరి ఎవరు విప్పుతారు సార్?"

మేనేజరు నా వంక చూశాడు. నేను అటెండరు వంక చూశాను. అటెండరు ఫ్యాను వంక చూశాడు. లక్షల క్లెయిములు ఇటు సంతకంతో ఇచ్చి అటు సంతకంతో ఆపే ఆఫీసులో ఒక్క ముడి విప్పడానికి మగాడు లేకపోయాడు.

మేనేజరు చేతులు జోడించి ఆవిణ్ణే అడిగాడు. "మాజీ, మన్నత్ పూరీ హుయీ క్యా? మొక్కు తీరకుండా మాత్రం విప్పొద్దు. ఏం చెయ్యాలో నేను ఆలోచిస్తాను." అతనికి ఆలోచన ఏమీ లేదని నాకు తెలుసు. అయినా అన్నాడు, నాకు ఆ మాటకి ఇప్పటికీ అతనంటే గౌరవం.

బిలాస్‌పూర్‌లో యాభై ఏళ్ల పైన ఉన్న మనిషి, ఆవిడకి హిందీ బాగానే వచ్చు. కానీ జవాబు మన భాషలోనే చెప్పింది. బహుశా అమ్మవారికి కూడా వినబడాలని కాబోలు.

"నాను మొక్కిందేటి? బండి సల్లగా తిరగాల, పిల్లోడు సల్లగా ఇంటికి రావాల అని." మూట మీద చెయ్యి వేసింది. "బండినెవుడో ఎత్తుకుపోనాడు. పిల్లోడు నా ముందర నిలబడున్నాడు. రాత్రంతా కూకుని ఆలోచించినాను బాబూ. నాను మొక్కింది ఇనప బండి కోసరమేటి? అందులో కూకున్నోడి కోసరం. ఆడు బాగున్నాడు. నా మొక్కు తీరిపోనాది."

అందరూ నా ముఖం చూస్తున్నారు, హిందీలో చెప్పమని. ఒక్కో మాటా చెప్పాను. మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఆవిడే ముడి విప్పింది. నెలల తరబడి బిగిసిన ముడి, వేళ్లకి పట్టు దొరకడంలేదు. కొడుకు వంగి సాయం చెయ్యబోతే ముందు చెయ్యి తోసేసింది. మళ్లీ తనే, "ఈ కొస అట్టుకో" అంది. అతను పట్టుకున్నాడు. ఆవిడ లాగింది. గుడ్డ తెరుచుకుంది.

కాసిని అక్షింతలు, ఒక రూపాయి బిళ్ల, తాళం చెవి. పసుపు, కుంకుమ కలిసి ఎండిపోయి, తాళం చెవి మీద అట్ట కట్టాయి. చెవి పొడుగునా ఉన్న సన్నటి గాడిలో పసుపు నిండా గట్టిపడిపోయి ఉంది. పై కొసన షోరూమువాళ్లు కట్టిన చిన్న బిళ్ల కూడా దారంతో సహా అలాగే ఉంది.

ఇన్వెస్టిగేటరు ముట్టుకోలేదు. భూతద్దం తీసి వంగి చూశాడు. ఇటు నుంచి చూశాడు, అటు వెళ్లి చూశాడు. ఫోటోలు తీశాడు.

"సార్" అన్నాడు చివరికి, నాతో కాదు, మేనేజరుతో. "ఇది కొత్తగా రాసిన పసుపు కాదు. గాడిలో రాయిలా అయిపోయింది. ఈ చాబీ ఒక్కసారి తాళంలో పెట్టి తిప్పినా, నకలు తీసే మిషనుకి బిగించినా ఇదంతా పొడిపొడిగా రాలిపోవాలి. దీన్ని ఎవరూ వాడలేదు. దీనికి నకలు తియ్యలేదు." తరవాత, "నా రిపోర్టు నేను మార్చి రాస్తాను" అన్నాడు.

రాసిన రిపోర్టు మార్చుకోవడం ఆ వయసులో ఎంత కష్టమో నాకు తెలుసు. నిన్నటి దాకా అతని మీదున్న చిరాకంతా నాకు ఆ క్షణంలోనే పోయింది. అతను కవరు తెరిచి పట్టుకుని ఆవిడ ముందు వంగాడు. "మాజీ, తీసుకోనా?"

"లే లో బేటా. ఎడం చేత్తో ముట్టుకోకు" అంది ఆవిడ, ఈసారి హిందీలోనే. అతను కత్తెర, భూతద్దం అన్నీ కిందపెట్టి కుడిచేత్తో తీసుకున్నాడు. రూపాయి బిళ్ల, అక్షింతలు ఆవిడ మళ్లీ అదే గుడ్డలో కట్టుకుంది. మొక్కు తీరింది కాబట్టి ఊరెళ్లి అమ్మవారి హుండీలో వేస్తానంది.

అంతటితో అయిపోలేదు. అబద్ధం అబద్ధమే. పోయిందని ముందు ఎందుకు చెప్పాడని పైఆఫీసు అడుగుతుంది, అడిగింది కూడా. లోకో పైలట్ జరిగింది జరిగినట్టు, సిగ్గుపడి అలా అన్నానని, రాసి సంతకం పెట్టాడు. మేనేజరు పైవాళ్లతో ఫోనులో మాట్లాడిన రోజున వీధిలో పోయేవాళ్లకి కూడా ఆ క్లెయిము వివరాలన్నీ తెలిసిపోయాయి. "మనిషి సిగ్గుపడితే మోసం చేసినట్టా? మీ ఇంట్లో మన్నత్‌లు కట్టరా?" అని అతను అరుస్తుంటే నేను తలుపు మూసి వచ్చాను. ఈలోగా ఆ తాళం చెవి మా స్టీలు బీరువాలో పై అరలో ఉండేది. ఎవరూ చెప్పకుండానే అటెండరు రోజూ పొద్దున్నే బీరువా ముందు ఒక అగరొత్తి వెలిగించేవాడు. తనిఖీకొచ్చిన ఆఫీసరు ఇదేమిటని అడిగితే, దోమలకని చెప్పాను.

క్లెయిము మంజూరైందన్న కబురు వచ్చిన సాయంత్రం లోకో పైలట్‌కి ఫోను చేశాను. స్విచాఫ్. ఇంజన్ మీద ఉంటే వాళ్లు ఫోను ఆపేస్తారు. ఆగలేక నేనే క్వార్టరుకి వెళ్లాను. వాళ్లమ్మ లైను బాక్సు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. చెప్పాను. "అచ్ఛా" అంది, అంతే. కాస్సేపు చిక్కుళ్లు ఒలిచింది. తరవాత చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇంక ఆణ్ణి ఎవులూ దొంగ అనరు గదా బాబూ?" అంది.

"అనరమ్మా."

"ఇంజన్ దింపరు గదా?"

"దింపరు."

అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లూ ఆవిడ ఒక్క కన్నీటి బొట్టు రాల్చగా నేను చూడలేదు. కోడలు పరుగెత్తుకొచ్చింది. నేను మజ్జిగ తాగి బయటపడ్డాను. ఆటో కూడా ఎక్కకుండా తిఫ్రా దాకా నడిచి వచ్చాను. ఇంటికెళ్లి రెండు రోజుల అన్నం ఒక్కసారే తిన్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆవిడ అన్నట్టే కొడుకు పాసు మీద రైల్లో ఊరెళ్లి మొక్కు చెల్లించుకుని వచ్చింది. బండి రాలేదు, నేనొచ్చాను, సర్దుకో తల్లీ అని అమ్మవారితో చెప్పిందట.

కొన్నాళ్లకి లోకో పైలట్ ఇంకో కారు కొన్నాడు. పాలసీ మళ్లీ మా దగ్గరే. అప్పటికి నా రిటైర్మెంటు దగ్గరపడింది. పాలసీ కాయితం వచ్చిందో లేదో కనుక్కుందామని ఫోను చేస్తే లాబీలో ఉన్నాడు. చుట్టూ డ్యూటీ ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, ఒకటే గోల. నాకు ఏడిపించాలనిపించింది. "ఏమయ్యా, రెండు తాళం చెవులూ జాగ్రత్తగా ఉన్నాయా?" అన్నాను.

నాతో ఎప్పుడూ తెలుగులో, అదీ నోట్లో నోట్లో మాట్లాడే మనిషి. ఆ రోజు పక్కవాళ్లందరికీ వినబడేలా హిందీలో చెప్పాడు. "ఏక్ మేరే పాస్ హై సార్. దూస్రీ దేవీ మా కే పాస్ హై."

వెనక ఎవరో నవ్వి ఏదో అడిగారు. అతను ఫోను చెవి దగ్గర నుంచి తియ్యకుండానే వాళ్లకి జవాబిచ్చాడు. "హా భాయీ, రెండో తాళం అమ్మవారి దగ్గరే. మా అమ్మ కట్టింది. ఈసారి గుడ్డ నేనే కొని తెచ్చాను."

తరవాత నాతో, "డ్యూటీ ఎక్కాలి సార్, ఉంటాను" అని ఫోను ఆపేశాడు.